తిరగేసి తొడుక్కున్న చొక్కా

అన్నయ్య పోయిన పదో రోజున అతని బట్టలన్నీ మూటగట్టి చాకలి పెద్దాయనకు ఇచ్చాం. మా వైపు అది ఆనవాయితీ. పోయిన మనిషి గుడ్డ ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోరు. ఇచ్చినది వెనక్కి తీసుకోరు. మర్నాడు పొద్దున్నే ఆయన ఒక టీషర్టును కర్రకు తగిలించుకుని వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"ఇదొక్కటి నాకొద్దు బాబూ. నా మీద కోపముంటే సెప్పండి, పడతాను. దీన్ని మాత్రం నాకియ్యకండి. పోలీసోలు నన్ను తంతారు."

"తొడుక్కోకు. నేల తుడుసుకో," అంది వదిన లోపలి నుంచి.

"తుడిసినా అచ్చరాలు కనపడతాయమ్మా."

వదిన దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. ఇచ్చేసిన గుడ్డ మళ్లీ ఇంట్లోకి రాకూడదు. పెద్దాయన తీసుకుపోనన్నాడు. చివరికి నేనే పట్టుకెళ్లి పొలంలో మోటారు షెడ్డులో మేకుకు తగిలించాను. అక్కడ నిలబడి, కొన్ని నెలల తర్వాత, దాన్ని మళ్లీ చదివాను.

ముందువైపు ఒంటిగొట్టం తుపాకి బొమ్మ. వీపు మీద రెండు వరుసలు. "పందులకు అర్జీలు చదవడం రాదు. నా తుపాకి నాకివ్వండి."

ఆ తుపాకి మా నాన్నది. శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్తే వచ్చే పల్లె మాది. వేరుశనగ ఊడలు దిగే వేళకు అడవిపందులు దిగుతాయి. పంట కాపలాకని నాన్నకు లైసెన్సు ఇచ్చారు. ఆయన తర్వాత అది అన్నయ్య పేరు మీదికి మారింది. ఆ తుపాకి దేన్నైనా చంపగా నేను చూడలేదు. గాల్లోకి ఒకసారి పేల్చేవాడు, పందులు పోయేవి, నాలుగు రోజులకు మళ్లీ వచ్చేవి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకిని స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. అన్నయ్య దాన్ని పాత దుప్పటిలో చుట్టి, సైకిలుకు కట్టుకుని, పెళ్లికూతుర్ని దిగబెట్టడానికి వెళ్లినంత జాగ్రత్తగా వెళ్లేవాడు. ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకునేవాడు. మొన్నటి ఎన్నికల తర్వాత మాత్రం ఇవ్వలేదు. ఆ మధ్యలో లైసెన్సు గడువు తీరిపోయింది. కొత్తగా విచారణ జరగాలన్నారు. విచారణ కాగితం ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది వేరుశనగ సగం పందుల పాలైంది.

అప్పుడు వేసుకున్నాడు ఈ చొక్కా.

నేను విజయనగరంలో ఒక గ్రంథాలయంలో పనిచేస్తాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య ఈ చొక్కాతో మా వీధిలోకి వచ్చాడు. అరసవల్లి వెళ్లి సూర్యుడి దర్శనం చేసుకుని వస్తున్నానని తర్వాత చెప్పాడు. మూల మీది టీకొట్టు దగ్గర అతన్ని నలుగురు ఆపి వీపు చదువుతున్నారు. మా గుమ్మం దగ్గరికి వినిపిస్తోంది.

"ఏటి మావా, ఏ పార్టీ ఇది?"

"పందుల పార్టీ."

"గెలుస్తాదేటి?"

"ఏటేటా గెలుస్తన్నాది. ఓడిపోతన్నది నేనే."

వాళ్లు నవ్వారు. ఇద్దరు ఫోన్లు తీసి వీపు ఫొటోలు తీసుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ముందు ఆ రంగు చూశాను. ఎండిన వేపాకు రంగు. ఒకప్పుడు మా కొండల మీద తిరిగిన దళాల దుస్తుల రంగు. దాని మీద తుపాకి బొమ్మ.

"అన్నయ్యా, ఈ రంగేంటి?" అన్నాను.

"పసుపేస్తే ఒకలంటారు, నీలమేస్తే ఇంకొకలంటారు. ఎరుపు సంగతి సెప్పక్కర్లేదు. ఎవలకీ లేని రంగు ఏరి తీసినాను."

ఒక్క పార్టీ కూడా వాడని రంగు కోసం దుకాణమంతా వెతికి, మా జిల్లాల్లో మనిషిని ఆపి అడగడానికి పనికొచ్చే ఒకే ఒక్క రంగును పట్టుకున్నాడు. అచ్చు మా మండలంలో ఎవరూ వేయనంటే అరసవల్లిలో వేయించుకున్నాడట. అక్కడి కొట్టతను కూడా బొమ్మ వేశాక తన కొట్టు పేరు ఎవరికీ చెప్పవద్దన్నాడట.

నా అనుమానం రంగుతో ఆగలేదు. అసలు అనుమానం ఆ మాట మీద. అన్నయ్య అయిదో తరగతితో చదువు మానేశాడు. ఉత్తరం రాస్తే "మేము క్షేమం" దాటి రెండో వాక్యం ఉండేది కాదు. పందులకు అర్జీలు చదవడం రాదు అనే మాట అతని నోట పుట్టదు. అది ఎవరో కూర్చుని రాసిన మాట. పని చేయించుకోవాలనుకున్నవాడి మాట. ఊళ్లో ఎరువుల కొట్టాయన చిన్నపాటి నాయకుడు. సర్పంచి కావాలని చాలా కాలంగా చూస్తున్నాడు. తను ముందుకు రాకుండా ఒక రైతు వీపు మీద తన మాట ఊరేగించడం అతనికి తెలిసిన విద్యే అనుకున్నాను.

"ఎవరు రాశారిది?" అన్నాను.

"నానే ఏయించాను."

"వేయించింది కాదు. రాసిందెవరు?"

అన్నయ్య నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, ఆగి, నవ్వాడు. "నీకు బాగుందా, బాగోలేదా? అది సెప్పు ముందు."

"బాగోలేదు. ఎవడిదో మాట నువ్వు మోస్తున్నావు. పోలీసులు వస్తే వాడు రాడు. దీంతో నా గుమ్మం ఎక్కకు అన్నయ్యా. నేను ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ని."

అన్నయ్య వీధి కుళాయి దగ్గరికి వెళ్లి చొక్కా విప్పి, తిరగేసి తొడుక్కుని వచ్చాడు. కుట్లు పైకి, మెడ దగ్గరి చీటీ పైకి.

"ఇప్పుడెక్కొచ్చా?" అన్నాడు.

ఎక్కాడు. భోజనం చేశాడు. చారు బాగుందని రెండుసార్లు వేయించుకున్నాడు. వంగి తింటున్నప్పుడు వీపు మీద అక్షరాలు తిరగబడి లీలగా కనిపిస్తూనే ఉన్నాయి. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. స్టాండు దాకా నేను వెళ్లలేదు.

ఆ తర్వాత అతను చొక్కా మానలేదు. సంతకు అదే, స్టేషనుకు అదే. ఒకసారి కానిస్టేబుల్ ఇంటికొచ్చి వదినను అడిగాడట, మీ ఇంటికి కొత్త మనుషులు ఎవరైనా వస్తున్నారా అని. వస్తన్నాయి, నాలుగు కాళ్లతో, అందట వదిన. ఫోనులో ఇది విని నేను వదిననే కోప్పడ్డాను.

నాలుగు నెలల తర్వాత జ్వరమని పడుకున్నాడు. మూడో రోజుకు లేడు.

పదో రోజున భోజనాల దగ్గర ఎరువుల కొట్టాయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను పలకరించలేదు. అతనే అన్నాడు, "మీ అన్న మంచోడండీ."

"ఆ చొక్కా మీది మాట మీరు రాసిందే కదా?" అన్నాను.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీరూ అలగే అంటన్నారా? స్టేషనులో అలగే అడిగారు, ఊర్లో అలగే అడిగారు. నాకు తుపాకులతో ఏటి పని బాబూ? ఆ బొమ్మ పక్కన నిలబడితే నాకొచ్చే ఓటు కూడా పోద్ది. వద్దని రెండుసార్లు సెప్పినాను. ఇంటేనా!"

నమ్మలేదు. నాయకుడన్నవాడు కాదనడానికి కూడా ఒక లెక్క ఉంటుందని అనుకున్నాను.

మరో నెలకు స్టేషను నుంచి కబురు వచ్చింది. లైసెన్సుదారు లేడు కాబట్టి, కుటుంబం తరఫున ఎవరో ఒకరు వచ్చి తుపాకి వద్దని రాసివ్వాలి, లేదా తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అన్నయ్యకు పిల్లలు లేరు. నేను ఊరికి వెళ్లాను.

"సంతకం పెట్టీ," అంది వదిన. "నాను పేల్చగలనా? నువ్వు పేల్చగలవా?"

కాగితాలున్న ప్లాస్టిక్ సంచి నా ఒళ్లో పడేసింది. లైసెన్సు పుస్తకం, ప్రతి ఎన్నికకూ ఒకటి చొప్పున రసీదులు, అర్జీల నకళ్లు. అడుగున నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం ఒకటి. దాని మీది చేతిరాత నాది.

నాన్న పోయాక లైసెన్సు అన్నయ్య పేరు మీదికి మార్చమని కోరుతూ అర్జీ రాసిపెట్టింది నేనే. ఆ సంగతి గుర్తుంది. సాఫుగా రాసిన కాగితం ఆఫీసుకు వెళ్లింది. ఇది చిత్తు ప్రతి. ఫలానా సర్వే నంబరు, ఫలానా విస్తీర్ణం, అధికారులు జాప్యం చేస్తే పంట మిగలదు. ఆ కింద ఒక వాక్యం రాసి, ఒకే గీతతో కొట్టేశాను. "పందులకు అర్జీలు చదవడం రాదు."

ఎందుకు కొట్టేశానో చెప్పగలను. ఇప్పటికీ అలాంటి వాక్యం కనిపిస్తే కొట్టేస్తాను. తెలివి చూపించుకునే వాక్యం మీద నాకు నమ్మకం లేదు. రాసింది మాత్రం బొత్తిగా గుర్తు లేదు. నేను కొట్టేసిన గీత కింద పెన్సిలుతో ఇంకో గీత ఉంది. అది అన్నయ్యది. నేను వద్దనుకున్న మాటను అతను ఇన్నేళ్లు దాచుకున్నాడు.

రాసిందెవరని అడిగినప్పుడు అతను చెప్పబోయి ఎందుకు ఆగాడో తెలిసింది. లేదా తెలిసిందనుకుంటున్నాను. నా ఉద్యోగానికి భయపడి ఆగాడనుకుందామంటే, ఆ మాట నేను తెచ్చింది తర్వాత. అంతకుముందే ఆగాడు.

కాగితం వదినకు చూపించాను. ఆమె చదువుకోలేదు. చదివి వినిపించాను.

"నీదేనని నాకు తెలుసు బాబూ," అంది. "ఇది మా తమ్ముడి మాట అని అందరికీ సెప్పుకోవాలని ఉండేది ఆయనకి. నువ్వొద్దంటావని బయం."

"నువ్వైనా చెప్పొచ్చు కదా వదినా."

"నువ్వు అడిగేవా? కోప్పడ్డావు."

స్టేషనుకు బయల్దేరుతుంటే వెనక నుంచి పిలిచింది. "సంతకం పెట్టు గానీ, మాకు అవసరం లేదనీసి మాత్రం రాయకు."

దారిలో మోటారు షెడ్డు దగ్గర ఆగాను. చొక్కా మేకుకే ఉంది, భుజం మీద సాలెగూడు పట్టింది. దులిపి తొడుక్కున్నాను. నాకు బాగా వదులు. తుపాకి మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. చొక్కా మీద రాసుకుని తిరగడం మీదా లేదు. అయినా తొడుక్కున్నాను, అచ్చు పైకి ఉండేటట్టు.

స్టేషనులో కానిస్టేబుల్ అచ్చువేసిన కాగితం ఇచ్చాడు. "మాకు ఆయుధము అవసరము లేనందున" అని ఉంది. ఆ మాట కొట్టేసి, పైన "పేల్చేవారు లేనందున" అని రాసి సంతకం పెట్టాను. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత నన్ను వెనక్కి తిరగమని చేత్తో చూపించాడు. తిరిగాను.

"మళ్లీ ఇదేటండీ! ఆయనతో పోయిందనుకున్నాం. మీరు సదువుకున్నోరు. ఎవలు రాసినారిది?"

"నేనే."

"ఏయించింది కాదండీ. రాసిందెవలని అడుగుతన్నాను."

"నేనే రాశాను."

అతను కాసేపు నన్ను చూశాడు. అన్నయ్యను నేను చూసిన చూపే అది. తర్వాత గోడ పక్క బల్ల చూపించి, ఎస్సైగారు వచ్చేదాకా కూర్చోమన్నాడు.