వలలో పడ్డ పసుపుపచ్చ స్పాంజి కోసం ముక్కాం దాకా

లలిత కనిపెట్టిన బ్యాక్టీరియా పనిచేయడం మానేసిందని విన్నప్పుడు నాకు లోలోపల సంతోషం కలిగింది. ఈ ప్రయాణం అక్కడే మొదలైంది. మేమిద్దరం ఒకే గైడు దగ్గర పరిశోధన చేశాం. నేను బొబ్బిలిలో పాఠాలు చెప్పుకుంటూ, మందులకు పనికొచ్చే పదార్థాల కోసం సముద్రపు బ్యాక్టీరియాలో ఏళ్లుగా వెతుకుతున్నాను. ఏమీ దొరకలేదు. విజయనగరంలో ఉండే లలితకు మాత్రం, ముక్కాం జాలర్ల వలలో పడ్డ పసుపుపచ్చ స్పాంజి అనే సముద్రజీవిలో మొండి రోగక్రిములను చంపే బ్యాక్టీరియా దొరికింది. పేపర్లో ఫోటో కూడా పడింది. ల్యాబులో పెంచగా పెంచగా అది ఆ పదార్థాన్ని తయారుచేయడం ఆపేసింది. మళ్లీ అలాంటి స్పాంజి కావాలి. "తోడు రావే," అంది. సరేనన్నాను.

తెల్లవారుజామున బొబ్బిలిలో బస్సెక్కితే గంటన్నరలో విజయనగరం. అక్కడ లలితను కలుసుకుని ఇంకో బస్సులో భోగాపురం చేరాం. ముక్కాం తీరానికి షేర్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నారు. "సేపల కోసరమా అమ్మా?" అన్నాడు డ్రైవరు. చేపలతో పాటు పడే చెత్త కోసమని లలిత చెబితే, "సెత్త కోసరం ఇంత దూరం వస్తన్నారేటి!" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఒడ్డున ఎండుచేపలు ఏరుతున్న గౌరమ్మ లలితను చూడగానే లేచి వచ్చింది. "వచ్చీసినావా లలితమ్మా! సిక్కిపోనావేటి? మాయింట్లో తినే ఎల్లాల." తర్వాత నావైపు చూసి, "ఈవిడెవులు?" అని అడిగింది. ఈ ఊరు కూడా లలితదే అయిపోయిందనిపించింది.

తొమ్మిదింటికి పడవలు వచ్చాయి. లలిత అవతలి పడవల వైపు వెళ్లింది. గౌరమ్మ వాళ్ల వల విదిలిస్తుంటే పీతల మధ్య పసుపుపచ్చ స్పాంజి కనిపించింది. పిడికిలంత ఉంది. గబగబా సంచిలో వేసి దాచేశాను.

లలిత ఉత్త చేతులతో తిరిగొచ్చింది. గౌరమ్మ ఇంట్లో చేపల పులుసుతో అన్నం తింటూ అంది: "ఏదైనా దొరికితే నీకూ సగం ఇస్తానే. పరిశోధన పత్రంలో నీ పేరూ వేయిస్తా."

ఆమె ఇవ్వడం, నేను పుచ్చుకోవడం! కంచం ముందు నుంచి లేచాను. చెయ్యి కడుక్కుని సంచి తెచ్చి, స్పాంజిని ఆమె కళ్లముందే కత్తెరతో రెండు ముక్కలు చేశాను. "ఇదిగో, నీకు సగం," అన్నాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను చేసింది ఔదార్యమనుకుంది.

కొన్ని వారాలకు నా ల్యాబు ప్లేటులో, రోగక్రిముల పొర మధ్య ఒక బ్యాక్టీరియా కాలనీ చుట్టూ, క్రిములు చచ్చిన ఖాళీ వలయం కనిపించింది. ఆమె ప్లేట్లలో ఏమీ రాలేదు. ఫోన్ చేసి చెప్పాను. ఎన్ని ప్లేట్లలో వచ్చిందని రెండుసార్లు అడిగింది. "మంచిదేలే," అంది చివరికి. అది సంతోషించిన గొంతు కాదు.

ఆ పదార్థం కొత్తదో, ఎవరో ఎప్పుడో కనుక్కున్నదో ఇంకా తేలాలి. మందు కావడం చాలా దూరం. అయినా ఆ గొంతులో నా అసూయే వినిపించినప్పటి నుంచి లలిత నాకు ఇంతకు ముందెన్నడూ లేనంత దగ్గరైనట్టుంది. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పడవలు రాకముందే ఒడ్డుకు చేరండి, వల విదిలించే వాళ్లకు ముందుగా చెప్పి పెట్టుకోండి. ఇద్దరు వెళ్తుంటే, దొరికింది ఎవరిదో బస్సెక్కక ముందే తేల్చుకోండి.