వేటగాడి మిషన్

కెనడాలోని గ్వెల్ఫ్‌లో లేత్ పని చేసే ఆంజనేయప్రసాద్‌కు రైఫిల్ రేంజ్‌కు వెళ్లి గురి చూసి కాల్చడం సరదా. కొత్త తూటాల ధర భరించలేక, పేలిన తూటాల ఖాళీ తొడుగుల్ని ఇంట్లోనే మళ్లీ నింపుకుందామని, నిరుడు చనిపోయిన వాల్టర్ అనే వేటగాడి తూటాలు నింపే మిషన్‌ను అతని భార్య దగ్గర చవగ్గా కొన్నాడు. ఇక ఆదివారాలన్నీ బేస్‌మెంట్‌లోనే. ప్రతి ఇత్తడి తొడుగునూ తుడిచి, పెదవికి ఆనించి, రెండుసార్లు ఈలలా ఊది పక్కన పెడతాడు. "ఈ అలవాటు మిషన్ వచ్చాకే మొదలైందండీ" అంటుంది భార్య కమలకుమారి. నవ్వేస్తాడు.

ఒక ఆదివారం, వాల్టర్ తూటాల కొలతలు రాసుకున్న నోట్‌బుక్ ఇచ్చి వెళదామని అతని భార్య, ఆ ముసలావిడ, వచ్చింది. కమలకుమారి తలుపు తీసేసరికి కింద నుంచి ఈల వినిపించింది. ముసలావిడ ముఖం పాలిపోయింది. మెట్ల దగ్గరికి వచ్చి, "వాల్టర్, టీ చల్లారిపోతోంది" అని ఇంగ్లీషులో పిలిచింది.

"వస్తున్నా" అన్నాడు ప్రసాద్. సగం మెట్లు ఎక్కాక గానీ, ఆమె పిలిచింది తన పేరు కాదని అతనికి తోచలేదు.