మెట్లబావి మీద మా ఇంటిపేరు

కుళాయికి కట్టిన తడిబట్ట వాసన తగిలితే నాకు మా తాతగారు గుర్తొస్తారు.

నెక్కొండ దగ్గరి మా ఊళ్లో భూములన్నీ పోయాక మాకు మిగిలింది ముత్తాత తవ్వించిన మెట్లబావి ఒక్కటే. పొద్దున్నే తాతగారు దాని గట్టున నిటారుగా కూర్చునేవారు. నీళ్లకొచ్చినవాళ్లు "దండాలు దొరా" అంటూ మెట్లు దిగేవాళ్లు.

నేను ఏడో తరగతిలో ఉండగా వరంగల్‌లో బడిపిల్లలకు వైజ్ఞానిక పోటీ పెట్టారు. ఏదైనా రోగానికి ఉపాయం చూపాలి. కాలి పుండులోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే నారికురుపును నేను ఎంచుకున్నాను. కురుపున్న కాళ్లతో బావిలోకి దిగితే ఆ నీళ్లు తాగినవాళ్లకూ అది వస్తుంది. అందుకే మెట్లు మూసి, గిలకతో తోడి, బట్టతో వడగట్టాలి. అట్టలతో, మెట్లతో సహా మా బావి నమూనా చేశాను. అందరూ చూస్తారు కదా అని దానిమీద మా ఇంటిపేరు ఎర్రసిరాతో పెద్దగా రాశాను.

"ఈ బావి ఎవరిది బిడ్డా?" అని మార్కులేయడానికి వచ్చిన డాక్టరమ్మ అడిగింది.

"మాదే మేడం!" అన్నాను ఛాతీ విరిచి.

"అయితే రోగం గూడ దొరలదేనన్నట్టు!" అన్నాడెవరో. అందరితో పాటు నేనూ నవ్వాను. వెనక్కి తిరిగితే, ఇస్త్రీ షేర్వానీలో తాతగారు.

ఇంటికొచ్చేటప్పుడు ఆయన ఒక్కమాటే అన్నారు. "మెట్లు మంచిగ చేసినవ్ రా."

వారం తిరక్కముందే దగ్గరుండి మెట్లు మూయించారు. ఆ తర్వాత గట్టు మీదికి వెళ్లలేదు.

ఊళ్లో నారికురుపు పోయింది. నేను చెప్పింది నిజమే. అయినా ఆ పోటీలో బహుమతిగా వచ్చిన స్టీలు గ్లాసుతో నేనెన్నడూ నీళ్లు తాగలేదు.