ఒసాకాలో ఒంటిపూట భోజనాలు

ఒసాకాలో మంచి భోజనం చవగ్గా దొరకాలంటే పదకొండున్నరకల్లా రోడ్డు మీద ఉండాలి. పన్నెండు దాటితే మెడలో ఐడీ కార్డులు వేసుకున్న ఆఫీసు జనం వచ్చి పడతారు. రెండు దాటితే గుమ్మానికి వేలాడే గుడ్డ తెర తీసి లోపల పెట్టేస్తారు. అదే హోటల్లో, అదే స్టూలు మీద కూర్చుని, అదే చేప సాయంత్రం తింటే మూడింతలు పుచ్చుకుంటారు. ఈ జ్ఞానం నాకు సరదా ప్రయాణంలో అబ్బింది కాదు. ఏడో నెల నిండిన భార్యని అమెరికాలో, ఎడిసన్‌లో వదిలి, పది రోజుల్లో వచ్చేస్తానని వెళ్లి, దాదాపు ఏడు వారాలు ఇల్లు చేరలేక, కాలు గాలిన పిల్లిలా ఆ ఊరంతా తిరిగి నేర్చుకున్నాను.

వెళ్లొద్దని తను ముందే అంది. నేను మందుల కంపెనీలో పనిచేస్తాను. మేము కొనబోయే టాబ్లెట్ల మెషీన్ ఒకటి ఒసాకాలో తయారవుతోంది, దాన్ని దగ్గరుండి పరీక్షించి రావాలి. వెళ్లడానికి ఇంకో ఇద్దరున్నారు. కానీ నాకు ఇంట్లో కుదురుగా కూర్చోవడం చిన్నప్పట్నుంచీ చేతకాదు, ఎవరైనా ఎక్కడికైనా వెళ్లమంటే చాలు, బూట్లు వేసుకుంటాను. నా పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపు గడువు అప్పటికే దాటింది. దేశం దాటి వెళ్తే మళ్లీ లోపలికి రావడానికి కొత్త స్టాంపు కావాలి. అదీ అక్కడే వేయించుకుని వస్తానని, ఆఫీసులో ఫలానావాళ్లు వారంలో వచ్చేశారని ధీమాగా చెప్పాను. తీరా ఒసాకాలోని వీసా ఆఫీసులో రెండు ప్రశ్నలడిగి, పాస్‌పోర్ట్ ఉంచుకుని, చేతిలో ఒక కాగితం పెట్టారు. ఇంకా పరిశీలించాల్సింది ఉంది, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం అని దాని సారాంశం.

ఆ రోజు ఫోన్‌లో తను కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది. ఎన్ని రోజులని అడిగింది, తెలియదన్నాను, సరే తిన్నావా అని అడిగింది.

మెషీన్ పని అయిపోయాక కంపెనీ నన్ను సెలవు పెట్టుకోమంది. హోటల్ ఖర్చు నా నెత్తిన పడింది. చిన్న గదికి మారాను. మంచానికీ కిటికీకీ మధ్య నాలుగు అడుగులు, ఆ నాలుగు అడుగుల్లోనే పొద్దున్నుంచీ తిరిగేవాణ్ని. లేవగానే ఫోన్‌లో వీసా పేజీ తెరిచేవాణ్ని, పళ్లు తోముకుని మళ్లీ తెరిచేవాణ్ని. ఎప్పుడు చూసినా అదే ముక్క, ఇంకా పరిశీలనలో ఉంది. అక్కడ డెలివరీ డేట్ దగ్గరపడుతోంది, ఇక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు. చేయగలిగిన పని ఒక్కటే కనిపించింది, మధ్యాహ్నం ఎక్కడ తినాలో వెతకడం. దాన్నే పట్టుకుని వేలాడాను.

మూడు రోజుల్లో నాకు కొన్ని సూత్రాలు తెలిశాయి. అద్దాల వెనక ప్లాస్టిక్ తిండి బొమ్మలు పెట్టిన పెద్ద హోటళ్లు ఫరవాలేదు, కానీ చేత్తో రాసిన పలక గుమ్మంలో పెట్టిన చోట ఇంకా బాగుంటుంది. పెద్ద ఆఫీసు భవనాల కింద నేలమాళిగలో వరసగా బుల్లి హోటళ్లుంటాయి, అక్కడి క్లర్కులకి రోజూ వచ్చి తినే ధరల్లోనే పెడతారు. ఒకచోట బొగ్గుల మీద కాల్చిన చేప, తోడు అన్నం, చారు, ఊరగాయ ముక్కలు. అన్నం మారు అడిగితే డబ్బు తీసుకోరు. ఇంకోచోట కోడి ముక్కల మీద గుడ్డు పోసి, సగం ఉడికీ ఉడకకుండా అన్నం మీద జార్చి ఇస్తారు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక దోసె, ఒక కాఫీకి అయ్యేదాంట్లో ఇక్కడ ఇద్దరం కడుపునిండా తినొచ్చని లెక్క వేసేవాణ్ని, ఆ ఇద్దరం అన్న మాట దగ్గర ఆగిపోయేవాణ్ని.

రోజూ కంచం ఫోటో తీసి తనకి పంపేవాణ్ని. నాకు పదకొండున్నర అంటే తనకి రాత్రి పదిన్నర, పడుకోబోయే ముందు చూసేది. మన ఇళ్లలో తిన్నావా అన్న ప్రశ్నకి తిన్నానంటే ఎవరూ నమ్మరు, ఏం తిన్నావో చెప్పాలి. అందుకే ఫోటో. నిజానికి ఆ ఫోటోలోది తప్ప రోజు మొత్తంలో నేను సరిగ్గా తినేది ఏమీ లేదు. పొద్దున కాఫీ, సాయంత్రం సూపర్ మార్కెట్‌లో అన్నం ముద్ద ఒకటి, అదీ నడుస్తూనే. ఆ సంగతి ఫోటోల్లో పడదు కదా అనుకున్నాను.

కాగితం ఇచ్చిన రెండో రోజున తను మొక్కు సంగతి చెప్పింది. డెలివరీలోపు నేను ఇల్లు చేరాలని ఏడు శనివారాలు వేంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటామని మొక్కుకుందట. మధ్యాహ్నం ఒక్కసారే భోజనం, నీచు ముట్టకూడదు, తర్వాత ఆకలైతే పాలో పండో. తను ఉందామంటే, ఈ నెలల్లో కడుపు ఖాళీగా ఉంచొద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది. కాబట్టి ఉండాల్సింది నేను.

"మొక్కుకునేది నువ్వు, మాడేది నేనా?" అన్నాను.

తను నవ్వలేదు. "నాకు భయంగా ఉంది. ఇదొక్కటి చెయ్యి," అంది.

నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. ఆపద మొక్కులు సంపద మరుపులని మా ఇంట్లో అందరూ నన్ను చూసే అనేవారు. అయినా ఆ గొంతు విన్నాక ఉంటానని మాటిచ్చాను.

శనివారం కోసం వేరే చోటు వెతికాను. పైకప్పున్న ఒక బజారు వీధిలో, చెప్పుల షాపు పక్కన, ఎనిమిది స్టూళ్ల కొట్టు దొరికింది. అరవై దాటిన ఆవిడ ఒక్కతే వండి వడ్డిస్తుంది. వేలెడు లావు గోధుమ నూడుల్స్, లేత బంగారు రంగు చారు, పైన తియ్యగా ఉడికించిన టోఫు పలక, కొన్ని ఉల్లికాడలు. గుమ్మంలో పలక మీది రాతని ఫోన్‌తో తర్జుమా చేసి చూస్తే అది కూడా అంతే చెప్పింది, గోధుమ, టోఫు. చెంచాతో తిప్పి తిప్పి చూశాను, ఒక్క ముక్క కూడా తేలలేదు. గిన్నె రెండు చేతులా ఎత్తి చుక్క మిగలకుండా తాగేశాను. అంత తక్కువ ధరకి అంత మంచి భోజనం ఆ ఊళ్లో మరెక్కడా తినలేదని ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఫోటో పంపి, చూడు, నీచు లేని భోజనం అని గొప్పగా రాశాను. తను దండం పెట్టే బొమ్మ పంపింది.

రెండో శనివారం, మూడోది, నాలుగోది కూడా అక్కడే. ఆవిడకి నేను అలవాటైపోయాను, నేను కూర్చోగానే అడక్కుండా టోఫు గిన్నె తెచ్చిపెట్టేది. ఎడిసన్ నుంచి కబుర్లు మాత్రం నన్ను ఒకచోట నిలవనిచ్చేవి కావు. తనకి కాళ్లు వాచాయి. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే డాక్టరాంటీ, రిటైరై చాలా ఏళ్లయినావిడ, తనని చెకప్‌కి డ్రైవ్ చేసి తీసుకెళ్తోంది. బేబీ సీటు కూడా ఆవిడే కార్‌లో బిగించింది. నేను బిగించాల్సిన సీటు డెబ్బై ఏళ్లావిడ వంగి బిగించిందని విని, ఫోన్ పెట్టేసి, ఏ దిక్కో చూడకుండా నది పొడుగునా నడిచాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఐదో శనివారం కొట్టు కిటకిటలాడుతోంది. ఎప్పుడూ కూర్చునే చివర స్టూలు ఖాళీ లేదు, పొయ్యి ఎదురుగా దొరికింది. నేను చూస్తుండగా ఆవిడ ఒక సంచీ విప్పి, చిత్రిక పట్టిన చెక్క పొట్టులాంటిది గుప్పెళ్లతో తీసి మరిగే నీళ్లలో వేసింది. కాసేపటికి వడగడితే నా బంగారు రంగు చారు. వీళ్లు చెక్క కూడా వండుతారు కాబోలని ముచ్చటపడి, అదేం చెట్టు అని ఫోన్‌లో రాసి చూపించాను. ఆవిడ నవ్వి, ఒక చిటికెడు నా అరచేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాను. పొగ పట్టిన ఎండుచేప.

నేను పేజీలకు పేజీలు టెస్ట్ రిపోర్టులు రాసే మనిషిని. ఏ పదార్థంలో ఏం కలిసిందో పట్టుకోవడమే నా ఉద్యోగం. ముక్క కనబడకపోతే నీచు కాదని ఐదు వారాలు నమ్మాను. మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు ఇది. గిన్నె ఎదురుగా పొగలు కక్కుతోంది. వదిలేస్తే ఆవిడ నొచ్చుకుంటుంది, తింటే ఐదో వారం కూడా పోతుంది. తిన్నాను. ఎప్పటిలాగే ఫోటో కూడా పంపాను.

నమ్మకం లేనివాడికి బాధ ఉండకూడదు. కానీ ఆ వారమంతా నాకు నిద్ర లేదు. వీసా రాకపోవడానికి ఆ చేపే కారణమని ఒక గంట అనిపించేది, ఛీ చదువుకున్నవాడివి అని ఇంకో గంట తిట్టుకునేవాణ్ని. స్వామి మీదా కోపం వచ్చింది, అన్నీ తెలిసినవాడు మొదటి వారమే చెప్పొచ్చు కదా. తనకి చెబుదామని రోజూ ఫోన్ తీసేవాణ్ని. తను ఆ వారం గొంతు తగ్గించి మాట్లాడుతోంది, బిడ్డ కిందికి దిగిందని ఆంటీ అందట. ఆ మనిషికి మొక్కు మట్టిగలిసిందని ఎలా చెప్పను? మింగలేక కక్కలేక ఊరుకున్నాను. ఆరో శనివారం రోజంతా రెండు అరటిపళ్లు, ఒక కాల్చిన చిలగడదుంప తిని, గదిలో తిరుగుతూ గడిపాను.

మంగళవారం పొద్దున పేజీలో ముక్క మారింది. బుధవారం పాస్‌పోర్ట్ చేతికొచ్చింది, గురువారం ఇంట్లో ఉన్నాను. తలుపు తీసిన మనిషిని చూసి పెట్టె గుమ్మంలోనే వదిలేశాను. పొట్ట తప్ప మిగతా అంతా చిక్కిపోయింది. నా మీద బెంగ వల్ల అనుకున్నాను, ఆ అనుకోవడంలో కొంచెం గర్వం కూడా ఉంది, దాచడం దేనికి.

శనివారం సాయంత్రం తను నాకు కంచం పెట్టి, వంకాయ కూర వడ్డించి, తను మాత్రం గ్లాసుడు పాలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. నేను అన్నంలో చెయ్యి పెట్టలేదు. ఇది ఏడో శనివారం, కనీసం ఇదైనా సరిగ్గా ఉండాలని ఉంది. ఇక దాచడం నా వల్ల కాలేదు. ఆ చారు సంగతి, పొట్టు సంగతి, ఐదు వారాలూ పాడుచేసిన సంగతి తల దించుకుని చెప్పేశాను.

"తెలుసు," అంది. మొదటి ఫోటో చూసిన మర్నాడే ఆంటీ చెప్పేసిందట. ఆవిడ ఎప్పుడో కాన్ఫరెన్స్‌కి జపాన్ వెళ్లి ఆ చారుతోనే మోసపోయి వచ్చిందట.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే ఆ ఒక్క పూట కూడా తినడం మానేస్తావు. రాత్రిళ్లు నువ్వేం తింటున్నావో నాకు తెలియదా? లంచ్ తప్ప ఇంకో ఫోటో ఎప్పుడైనా పంపావా?" అంది. తర్వాత పాలగ్లాసు చేత్తో తిప్పుతూ, "నీ బదులు నేనున్నాలే. ఆంటీకి కూడా చెప్పలేదు, తిడుతుందని. ఇవాళ్టితో ఏడూ అయిపోతాయి," అంది.

అప్పుడు అర్థమైంది ఆ గ్లాసు ఎందుకో, ఆ బుగ్గలు ఎందుకు లోపలికి పోయాయో. నేను గిన్నె ఎత్తి మరీ తాగిన ప్రతి శనివారం తను, కడుపులో బిడ్డతో, రాత్రి అన్నం మానేసింది. కోపం నషాళానికంటింది. కంచం తన ముందుకు తోశాను, తినమని అరిచాను. వెనక్కి జరిపింది. ఇంతదాకా వచ్చి ఇంకొక్క పూట పాడు చేసుకోనంది.

"నీకేమైనా అయ్యుంటే?" అన్నాను.

"నువ్వు రాకపోయుంటే?" అంది.

అన్నం చల్లారిపోతోంది తినమంది. తను పాలు తాగుతూ చూస్తుండగా, తల ఎత్తకుండా, కంచంలో మెతుకు మిగలకుండా తిన్నాను.