అక్క చేతి ఫిల్ము

ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో ఆవిడది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎవరు పలకరించినా "ఊపిరి బిగబట్టండి" అనేస్తుందని తోటివాళ్లు ఏడిపిస్తారు. ఎముకలో ఏముందో డాక్టరు కంటే ముందే పసిగట్టేస్తుందని అందరికీ గురి.

ఆ గురే ఆవిడ అక్క కొంప ముంచింది. కుట్టుపని చేసుకునే అక్క ఆరేళ్ల కిందట వచ్చి, పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవడం లేదని, కత్తెర పట్టలేకపోతున్నానని చెప్పింది. చెల్లెలు చేతికి ఎక్స్‌రే ఫిల్ము తీసి చూసింది. ఎక్కడా మచ్చ లేదు.

"ఎముకలు రాయిలా ఉన్నాయక్కా. డాక్టరెందుకు? ఉత్త బెంగ నీది."

అక్క మళ్లీ ఆ ఊసెత్తలేదు. రెండేళ్లలో వేళ్లు వంకరపోయాయి. అప్పుడు తీసిన ఫిల్ములో కణుపులన్నీ గుంటలే. ఆ మరుసటి ఏడు నిమోనియాతో పోయింది. చివరిసారి చెల్లెలు చూడబోయినప్పుడు చేతులు దుప్పటి కిందే దాచుకుంది.

అక్క పోయిన ఏడాదికి చెల్లెలికీ పొద్దునపూట వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. వేడినీళ్లలో నానబెడితే గానీ తలుపు గడియ తీయలేకపోయేది. తోటి ఉద్యోగి చేత ఫిల్ము తీయించుకుంది. మధ్యవేలి కణుపు అంచు చెదలు కొరికినట్టుంది. బీరువాలోంచి అక్క రెండో ఫిల్ము తీసి పక్కన పెట్టింది. అదే వేలు, అదే కణుపు. ఎవరో చల్లటి చెయ్యి తన చేతిలోకి దూర్చినట్టయింది.

కీళ్ల డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "మన రక్షణ కణాల మీద గ్రాహకాలుంటాయి, యాంటెన్నాల్లాంటివి. సూక్ష్మజీవుల్ని పసిగట్టేవి అవే. ఈ కీళ్లవాతంలో వాటిలో కొన్ని సొంత కీలునే శత్రువనుకుని కణాల్ని రెచ్చగొడతాయి. ఆ వాపులో ఎముకను కరిగించే కణాలు పెరిగిపోతాయి. శాంతింపజేసే గ్రాహకాలూ ఉన్నాయి గానీ, వాటి మాట చెల్లదు."

"మొదట్లో ఫిల్ములో కనబడదా?"

"ఎముక కరిగాకే కదమ్మా కనబడేది."

అక్కకి అప్పుడే మందు పడుంటే అన్న ప్రశ్న నోటిదాకా వచ్చింది. మందుల చీటీ అందుకుని లేచింది.

మందులు పనిచేశాయి. ఏడాది తర్వాత కొత్త గుంటలు లేవు, పాతవి పూడలేదు. ఇప్పుడు వేళ్లు బిగుస్తున్నాయంటూ ఎవరొచ్చినా, ఫిల్ము శుభ్రంగా ఉన్నా సరే, తనే కీళ్ల డాక్టరు గదిదాకా తీసుకెళ్తుంది.

"ఇందులో ఏం లేదన్నారుగా?" అంటారు వాళ్లు.

"ఫిల్ముకి తెలిసింది తక్కువమ్మా. రండి."

ఖాళీ గదిలో, చెయ్యి పెట్టే ఎక్స్‌రే ప్లేటు తుడిచేటప్పుడు మాత్రం, అప్పటికే ఎవరో దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నట్టుంటుంది. ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, కాసేపు వరండాలో నిలబడి వస్తుంది.