గుండె అంటే ఆఠీను

ఆ శనివారం మధ్యాహ్నం రెండుంబావుకు ప్రసాద్ బావ కాఫీలో చక్కెర కలుపుకున్నాడు. ఆయన మా అక్క భర్త. రిటైరైన ఇంజనీర్లం ఇద్దరం మేముండే ఫ్రీమాంట్ నుంచి డ్రైవ్ చేసుకుని కాసినోకి వెళ్ళి, పోకర్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాం.

ఆ ఆటలో అందరికీ డీలర్‌తోనే పోటీ. పక్కవాడి ముక్కలు తెలిస్తే, మనకు కావలసినది ఇంకా పేకలో మిగిలిందో లేదో అంచనా దొరుకుతుంది. ఒకరికొకరు చెప్పుకోవడం మాత్రం నిషేధం. అందుకని బావ తెలుగులో గుర్తులు పెట్టాడు. మోకాలి నొప్పి అంటే తన దగ్గర ఇస్పేట్లున్నట్టు, నడుము నొప్పి అంటే కళావర్లు, గుండె నొప్పి అంటే ఆఠీన్లు. డీలర్ "ఇంగ్లీష్ ప్లీజ్" అంటే, "హెల్త్ ప్రాబ్లమ్స్" అని నవ్వేవాడు.

ఒక ఆటలో చేతిలో రెండు, బల్ల మీద అందరికీ పరిచినవాటిలో రెండు కలిపి నాకు నాలుగు ఆఠీన్లు కుదిరాయి. ఐదోదీ వస్తే గెలుపేనని పందెం పెంచబోతుంటే బావ అన్నాడు.

"గుండెలో నొప్పిరా."

"చెడగొట్టావు కదా బావా!" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నిజంగానేరా."

"అర్థమైందిలే. ఇంత యాక్షన్ అక్కర్లేదు."

ఆయన బల్ల మీదికి ఒరిగిపోయాడు. చేతిలోని రెండు ముక్కలు వెల్లకిలా పడ్డాయి. రెండూ ఇస్పేట్లే.

అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం పోయింది. ఆయన నాకు రెండుసార్లు చెప్పాడని అక్కకు చెప్పాను.

మా ఇంట్లో ఇప్పుడు నొప్పి అనే మాటను ఎవరూ సరదాకి వాడరు.