చిప్పుకు రాని లెక్క

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక బోర్డుకు వైరు అతికిస్తుంటే, కరిగిన సీసం పొగ నా బల్ల దాకా వచ్చింది. ఘాటుగా, అడుగున కొంచెం తీపిగా ఉండే వాసన అది. అందరూ ముక్కులు మూసుకుని కిటికీ తెరవమన్నారు. నేను మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని ఇంకాస్త పీల్చాను. ఒంటికి మంచిది కాదని నాకూ తెలుసు. కానీ ఆ వాసన వచ్చిందంటే నాకు గౌస్ సార్ వచ్చినట్టే, ఏం చేయను?

గౌస్ సార్‌ది కోరుట్ల. జగిత్యాలలో బస్టాండు వెనక సందులో ఆయనకు చిన్న దుకాణం ఉండేది. ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివి, రేడియోల రిపేరుతో మొదలుపెట్టి, పుస్తకాలు తెప్పించుకుని కంప్యూటర్లు నేర్చుకున్న మనిషి. నేను పనికి చేరేనాటికి సిరిసిల్ల మరమగ్గాలకు డిజైను నడిపించే చిన్న కంప్యూటర్లు బిగించేవారు. ఏ పోగు లేవాలో, ఏ పోగు ఆగాలో మగ్గానికి చెప్పే డబ్బాలవి. నేనేమో సిరిసిల్ల నేతింటి పిల్లను, పైగా ఇంజనీరింగ్ చదివినదాన్ని. నన్ను మించినవాళ్లు ఆ సందులో లేరని నా గట్టి నమ్మకం. ఆ పొగరు దించడానికి సార్ ఏనాడూ గొంతు పెంచలేదు. కాగితం, పెన్సిలు నా ముందుకు జరిపేవారు, అంతే. "ముందుగాల చేత్తోని చెయ్యి బేటా. చేత్తోని రాంది మిషిన్‌కు ఎట్ల చెప్తవ్?" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. సార్‌కు జ్వరం తగిలి వారం రోజులు కోరుట్లలోనే ఉండిపోయారు. సరిగ్గా ఆ వారమే సిరిసిల్లలో మా మేనమామ రాజేశం మగ్గం మీది డబ్బాలో బోర్డు కాలిపోయింది. మామ అంతకుముందు అందరిలాగే తెల్ల గుడ్డ నేసేవాడు. నా మాట నమ్మి, వాడకట్టంతా నవ్వుతున్నా వినకుండా డిజైను మిషిను పెట్టించుకున్నాడు. అందుకే నేను ఆగలేకపోయాను. సార్‌ను ఒక్క మాట అడగకుండా, హైదరాబాద్ నుంచి వస్తున్న ఎవరిదో కారులో పన్నెండు కొత్త బోర్డులు తెప్పించాను. పేరు అదే, ఆకారం అదే, పేరు చివర ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరమే నా కొంప ముంచింది.

కొత్త బోర్డు మీద డిజైను ప్రోగ్రాం ఇలా మొదలై అలా చచ్చిపోయేది. సంగతేమిటంటే, ఆ చిప్పుకు దశాంశాల లెక్కలు రావు. కూడమన్నా, గుణించమన్నా పూర్తి సంఖ్యలైతేనే చేస్తుంది. ఎవరైనా తనకు రాని పని చెబితే ఆగిపోయి కెర్నెల్‌ను పిలుస్తుంది. కెర్నెల్ అంటే అన్ని ప్రోగ్రాములకూ అడుగున ఉండి మిషన్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. మా కెర్నెల్‌కు కూడా ఆ లెక్క తెలియదు కాబట్టి, అడిగిన ప్రోగ్రాం పీకే నొక్కేసేది. డిజైను ప్రోగ్రాం మార్చుదామంటే అది రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. బోర్డులు వాపసు పంపుదామంటే దారులన్నీ బంద్.

జ్వరం తగ్గీ తగ్గకముందే సార్ స్కూటర్ మీద వచ్చారు. నేను ఏడుపు ఆపుకుంటూ, "సార్, నేనే తెప్పించిన. మిమ్మల్ని అడగలే" అన్నాను.

ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూశారు. "చిప్పుకు రాదు. నీకొస్తది గదా?"

"నాకొస్తే ఏం లాభం సార్?"

"చిప్పు ఆగిన కాడ నువ్వు అందుకో. అడిగిన లెక్క చెయ్యి, జవాబు దాని చేతుల పెట్టు, సప్పుడు చెయ్యకుంట పక్కకు జరుగు. కెర్నెల్ మన చేతులనే ఉన్నది."

అలా మొదలైంది. ప్రోగ్రాం దశాంశాల లెక్క అడిగినప్పుడల్లా, కెర్నెల్ ఆ లెక్కను పూర్తి సంఖ్యలతోనే ముక్కలుగా చేసి, జవాబు ఉండాల్సిన చోట ఉంచి, ఏమీ ఎరగనట్టు ప్రోగ్రాంను మళ్లీ నడవనివ్వాలి. మొదటిసారి నడిపిస్తే బోర్డు బిగుసుకుపోయింది. సార్ నా కోడు చదువుతూ చదువుతూ ఒక్కసారిగా పకపకా నవ్వారు, చేతిలోని చాయ్ ఒలికిపోయింది. కెర్నెల్‌లో రాసిన ఆ కోడులోనే నేను ఒకచోట సున్నా పాయింట్ ఐదు అని రాశాను! లెక్క రాని చిప్పు కెర్నెల్‌ను అడిగితే, కెర్నెల్ మళ్లీ ఆ చిప్పునే అడుగుతోంది. "తెల్వనోడు పోయి తెల్వనోన్నే అడుగుతున్నడు బేటా!" అని కళ్లు తుడుచుకున్నారు. నాకూ నవ్వాగలేదు.

అది సరిచేశాక బోర్డును మామ మగ్గానికి బిగించాం. నడిచింది. గజం గుడ్డ దిగాక మామ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. అంచు మీది మామిడి పిందెలు నిలబడాల్సింది పోయి, అన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి.

"ఏంది స్వరూపా, గాలి కొట్టినట్టు గిట్ల ఒరిగినయి?" అన్నాడు మామ. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. "ఆయితారం గుడ్డ కొనెటి సేటు అస్తడు చూడనీకి. అప్పటిదాక ఆగుత బిడ్డా. లేకుంటే మిషిన్ ఇప్పేసి మల్ల తెల్ల గుడ్డకే పోత. నవ్వెటోళ్లు ఎట్లా నవ్వుతనే ఉన్నరు."

రెండు రోజులు వెతికాను. తప్పు దొరకలేదు. అన్నం సయించలేదు. ఆదివారం పొద్దున ఖాళీ చేతులతోనే, ల్యాప్‌టాప్ సంచీ వీపున వేసుకుని, సార్ స్కూటర్ వెనక కూర్చున్నాను. కొడిమ్యాల దాటకముందే దారి మూసి ఉంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, పాటలు. సమ్మెవాళ్లు దారి మూసి అక్కడే వండుకుని తినే వంటావార్పు. స్కూటర్ ఆపిన పెద్దమనిషి మా చేతులకు విస్తర్లిచ్చి, "తినకుంట పోనియ్యం సార్" అన్నాడు. నాకు లోపల ఉడికిపోతోంది. సార్ మాత్రం తారు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని, జ్వరం నుంచి లేచిన నోటికి పచ్చిపులుసు బాగుందంటూ మారు వడ్డించుకున్నారు.

"సార్, అక్కడ సేటు అస్తడు!"

"రానీ. దారి ఇడిసెదాక ఒక్క లెక్క చేత్తోని చేసి సూపెట్టు."

పక్కన తింటున్న ఆయన సమ్మెలో ఉన్న పంతులు. బడి మూతపడి ఎన్నాళ్లయినా జేబులో సుద్దముక్క ఉంది! దాన్ని తీసి ఇచ్చాడు. నా కోడు చేసే తీరులోనే రోడ్డు మీద రాయడం మొదలుపెట్టాను. పిందె నిటారుగా రావాలంటే ప్రతి వరుసకూ డిజైను పావు పోగు జరగాలి, అంటే సున్నా పాయింట్ ఇరవై అయిదు. చుక్క తర్వాత ఒక్క అంకె ఉంచి, మిగతాది కొట్టేసి, సున్నా పాయింట్ రెండు అని రాసి ముందుకు పోయాను.

"ఆగు. ఆ అయిదు ఎందుకు కొట్టేసినవ్?"

"అర పోగే ఉండదు, ఇగ పావు పోగు ఏడ ఉంటది సార్? మగ్గం మీద పోగు ఉంటే ఉంటది, లేకుంటే లేదు. ఆ తోకతోని పనేంది?"

సార్ సుద్దముక్క తీసుకుని కింద రాశారు. నూరు వరుసలకు ఇరవై అయిదు పోగులు జరగాలి. నా లెక్కన ఇరవయ్యే. అయిదు పోగులు తక్కువ. పంతులు వంగి చూసి, "అందుకే ఒరిగింది" అన్నాడు, పిందెలు ఒరిగాయన్న మాట తప్ప మా గొడవ ఒక్క ముక్క తెలియకుండానే. నేతింటి పిల్లను కాబట్టే చేసిన తప్పు అది. వేరే ఎవరైనా ఆ తోకను భద్రంగా ఉంచేవారు. పోగు ముక్కలు కాదని పుట్టినప్పటి నుంచి చూసిన నేను, ఆఖరున ఒక్కసారి పూర్తి పోగుకు సవరించాల్సింది పోయి, ప్రతి మెట్టు మీదా తోక కోసేశాను.

"నీది గుడ్డ లెక్క అని నీకెర్క. కెర్నెల్‌కు ఎర్క లేదు బేటా," అన్నారు సార్ చేతులు దులుపుకుంటూ. "అడిగెటోడు దేనికి అడుగుతున్నడో మనకెందుకు? అడిగినంత ఇయ్యాలె. వానికి ఎంత గావాల్నో మనం అనుకొని కోసి ఇయ్యొద్దు."

సిగ్గుతో తలెత్తలేదు. కానీ ఆ పూట తిన్న అన్నం మాత్రం ఒంటికి పట్టింది.

దారి వదిలాక సిరిసిల్ల చేరి, మామ ఇంట్లోనే సరిచేశాను. మగ్గం మళ్లీ కదిలింది. పిందెలు నిటారుగా నిలబడ్డాయి. మామ వేలితో ఒక్కొక్కదాన్నీ తడిమాడు. మధ్యాహ్నం సేటు వచ్చి, గుడ్డ చూసి, ఇంకో రెండు థాన్లు నేయమని చెప్పి పోయాడు. మామ ముఖం చూడాలి ఆ క్షణాన! గడపలో నిలబడి వాడకట్టంతా వినేలా, "మా స్వరూప మంచి బోర్డు తెచ్చింది!" అన్నాడు.

"మామా, అది..." అని మొదలుపెట్టబోయాను. సార్ నా వంక చూడకుండానే, "అవ్ రాజేశం, మంచి బోర్డే తెచ్చింది. జర చాయ్ తాపియ్యవయ్యా" అన్నారు. మిగతా పదకొండు బోర్డులూ అలాగే ఒక్కొక్క మగ్గానికీ ఎక్కాయి. ఏ నేతగానికీ ఆ చిప్పుకు లెక్కలు రావని తెలియదు.

తెలంగాణ వచ్చాక, చూపు తగ్గిందని సార్ దుకాణం మూసేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకు కోరుట్లలోనే, నిద్రలోనే పోయారు. దుకాణం మూసిన రోజున పాత ఫైళ్లన్నీ నా డిస్కులోకి ఎక్కిస్తూ, నేను రాసిన ఆ కెర్నెల్ ఫైలు తెరిచాను. పైన రెండు వరుసలు కొత్తగా ఉన్నాయి. నేను రాసినవి కావు. తేదీ చూస్తే, మేం సిరిసిల్ల నుంచి తిరిగొచ్చిన మర్నాటిది. తర్వాత ఎవరు తెరిచి ఏ తప్పు పట్టినా ముందు కనబడేలా పెట్టారు.

"రాసింది: స్వరూప. తప్పులుంటే: గౌస్."

ఆయన పక్క గదిలో సామాను కడుతున్నారు. వెళ్లి అడుగుదామని లేచాను, కానీ ఏడుపు ముంచుకొచ్చి మళ్లీ కూర్చుండిపోయాను. ఇప్పుడు నా కింద ఏడుగురు పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్లు రాసే ప్రతి ఫైలులో మొదటి వరుస వాళ్లది. రెండో వరుసలో నా పేరు నేనే రాసుకుంటాను.